మ్యాచ్ మధ్యలో టీవీ మొరాయిస్తే: టాస్‌కి ముందు చూసుకోవాల్సినవి, అప్పటికప్పుడు చేయాల్సినవి

2024 జూన్ 29 రాత్రి. బ్రిడ్జ్‌టౌన్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికాకి చివరి 6 బంతుల్లో 16 పరుగులు కావాలి. మా టీవీలో హార్దిక్ పాండ్యా ఇంకా బౌలింగ్ మార్కు దగ్గరే ఉన్నాడు. ఇంతలో కింది ఇంట్లోంచి ఒక్కసారిగా కేకలు, ఈలలు, ఎవరో గిన్నె మీద గరిటెతో మోత. "ఒరేయ్, మిల్లర్ అవుటయ్యాడు పో" అన్నాడు మా బాబాయ్, టీవీ వంక కూడా చూడకుండా. ఆయన అన్నాక అర నిమిషానికి సూర్యకుమార్ తాడు దగ్గర ఆ క్యాచ్ పట్టాడు. అలాంటి క్యాచ్‌ని మేం హైలైట్స్ చూసినట్టు చూశాం.

కింది ఇంటివాళ్లది డిష్, మాది యాప్. తేడా అంతే. ఆ రాత్రి మంటతోనే ఈ వ్యవహారం ఏమిటో తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో మ్యాచ్ రోజు ఎవరింట్లో టీవీ ఆగినా ముందు ఫోన్ నాకే వస్తుంది. ఆ తిరుగుళ్లలో తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

బొమ్మ ఆగగానే చాలామంది చేసే పని, చేతికందిన వైరల్లా పీకి మళ్లీ పెట్టడం. బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు. కాకపోతే కొత్త సమస్య ఒకటి తోడవుతుంది. మ్యాచ్ మీదాకా రావాలంటే నాలుగు చోట్లు దాటాలి: ఛానల్ లేదా యాప్ సర్వర్, అక్కడినుంచి మీ ఇంటిదాకా ఉన్న దారి (ఫైబర్, సెల్ టవర్, శాటిలైట్ ఏదైనా), ఇంట్లో ఉన్న రూటరో సెట్‌టాప్ బాక్సో, చివరగా టీవీ. రెండు ప్రశ్నలు వేసుకుంటే ఈ నాలుగింట్లో తప్పు ఎక్కడుందో ఒక్క నిమిషంలో తేలిపోతుంది.

మొదటిది: ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద అదే యాప్‌లో అదే మ్యాచ్ పెట్టి చూడండి. ఆడితే సర్వర్ బాగానే ఉంది, తప్పు మీ ఇంటి నెట్‌లోనో టీవీలోనో ఉంది. రెండోది: వైఫై మళ్లీ వేసి ఫోన్‌లోనే చూడండి. ఇప్పుడూ ఆడితే నెట్ కూడా బాగున్నట్టే, ఇక మిగిలింది టీవీ. డిష్ వాళ్లకైతే ఇంకా తేలిక: ఒక్క స్పోర్ట్స్ ఛానలే రావడం లేదా, అన్నీ రావడం లేదా? ఒక్కటే పోతే అది ప్యాక్ సంగతి, రీఛార్జ్ చూసుకోండి. అన్నీ పోతే పైన డిష్ సంగతి.

మొబైల్ డేటా మీద కూడా తిరుగుడు బొమ్మే వస్తోందంటే, ఊళ్లో అందరికీ అదే వస్తోందంటే, మీ చేతిలో చేయడానికేమీ లేదు. 2023 నవంబర్ 19న భారత్, ఆస్ట్రేలియా ప్రపంచకప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే క్షణంలో 5.9 కోట్ల మంది చూశారు. అంత రద్దీలో ఎక్కడో ఓ చోట తడబాటు రావచ్చు. అలాంటప్పుడు యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, లాగవుట్ కూడా అవకండి. మళ్లీ లోపలికి వెళ్లడానికి ఓటీపీ కావాలి. అదే సమయంలో లక్షలమంది ఓటీపీ కోసం కూర్చుంటారు. లోపల ఉన్నవాడికి రెండు నిమిషాల్లో బొమ్మ వస్తుంది, బయటికెళ్లినవాడు మూడు ఓవర్లు గుమ్మం దగ్గరే ఉంటాడు.

పక్కింటి కేక ముందొస్తుంటే

డిష్‌కి వచ్చే సిగ్నల్ సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న శాటిలైట్‌కి వెళ్లి వస్తుంది. వినడానికి చాలా దూరం, కానీ ఆ రాకపోకలకి పట్టేది పావు సెకను. మిగతా ప్రాసెసింగ్ అంతా కలిపినా ఆలస్యం సాధారణంగా కొన్ని సెకన్లే. యాప్ తీరు వేరు. అది లైవ్‌ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతుంది. మీ టీవీ రెండు మూడు ముక్కలు చేతిలో పెట్టుకుని గానీ మొదటిది చూపించదు. ఒక్కో ముక్క ఆరు సెకన్లనుకుంటే అక్కడే పద్దెనిమిది సెకన్లు పోయాయి. ఎన్‌కోడింగ్ (వీడియోని పంపడానికి వీలుగా కుదించడం), సర్వర్ నుంచి సర్వర్‌కి ప్రయాణం కలిస్తే అర నిమిషం అవుతుంది.

ఆ నిల్వ ముక్కలే నెట్ కాస్త తడబడినప్పుడు మ్యాచ్ ఆగకుండా కాపాడేది కూడా. కాబట్టి దాన్ని పూర్తిగా వదిలించుకోలేం. తగ్గించుకోవడానికి మాత్రం దారులున్నాయి. మ్యాచ్‌ని మధ్యలో పాజ్ చేసినా, ఒకసారి బఫర్ అయినా టీవీ అంత వెనకబడిపోతుంది, తర్వాత అలాగే నడుస్తుంది. స్క్రీన్ మీద "లైవ్" అన్న గుర్తు ఎర్రగా లేకపోతే దాన్ని నొక్కండి. ఆ గుర్తు కనబడకపోతే మ్యాచ్‌లోంచి బయటికొచ్చి మళ్లీ తెరవండి. ప్రతి ఇన్నింగ్స్ మొదట్లో ఓసారి ఇలా చేయడం నాకు అలవాటైపోయింది. స్కోర్ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి, అవి టీవీ కంటే ముందుంటాయి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌ని మ్యూట్‌లో పెట్టడం ఎలాగో ఎవరికీ చెప్పనక్కర్లేదనుకుంటా.

ఇవన్నీ చేసినా యాప్ డిష్‌ని దాటడం కష్టం. మా బాబాయ్ ఈ లెక్కంతా ఓపిగ్గా విని, ఇప్పుడు ఫైనల్స్ ఉన్న రోజు కింది ఇంటికెళ్లి కూర్చుంటున్నాడు.

తిరుగుడు బొమ్మ: బఫరింగ్

నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. ఈ వరసలోనే చూడండి, వరస మార్చకండి.

1. టీవీ పక్కన నిలబడి, టీవీ ఏ వైఫైలో ఉందో అదే వైఫైలో ఫోన్‌తో స్పీడ్ టెస్ట్ చేయండి. రూటర్ పక్కన నిలబడి చేస్తే ఉపయోగం లేదు. హెచ్‌డీకి 5 నుంచి 8 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు, 4కేకి 25 దాకా కావాలి. మూడుసార్లు చేయండి. ఒకసారి 60, ఒకసారి 4 వస్తోందంటే ప్లాన్ చిన్నదని కాదు, వైఫై అందడం లేదని.

2. చాలా రూటర్లలో రెండు వైఫైలు ఉంటాయి, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిది గోడలు దాటి దూరం వెళ్తుంది కానీ నెమ్మది, పైగా అపార్ట్‌మెంట్లో అందరి రూటర్లూ దాన్నే వాడుతూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే అడ్డుపడుతుంది. ఇన్నింగ్స్ విరామంలో పాప్‌కార్న్ పెట్టగానే నెట్ పోతోందని ఒకావిడ చెబితే మొదట నవ్వాను, వెళ్లి చూస్తే నిజమే. టీవీ, రూటర్ ఒకే గదిలో ఉంటే 5 వాడండి. మధ్యలో రెండు గోడలుంటే 2.4 నయం.

3. వీలుంటే రూటర్ నుంచి టీవీకి లాన్ (నెట్) వైరు వేయండి. చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌కి మించదు, మ్యాచ్‌కి అది బోలెడు. పది మీటర్ల వైరు ఖర్చుతో ఏళ్ల తరబడి ఉన్న తలనొప్పి పోయిన ఇళ్లు నేను చూశాను.

4. ఇంట్లో ఇంకెవరు నెట్ లాగుతున్నారో చూడండి. పెళ్లి నుంచి వచ్చినవాళ్ల ఫోన్లు వైఫై తగలగానే వందల ఫోటోలు, వీడియోలు పైకి ఎక్కించడం మొదలుపెడతాయి. పిల్లల గేమ్ అప్‌డేట్లు, ఆఫీస్ ల్యాప్‌టాప్ అప్‌డేట్లు కూడా మ్యాచ్ వేళకే తయారవుతాయి.

5. ఫోన్‌లో బాగా ఆడుతూ టీవీలో ఆగుతుంటే తప్పు టీవీది. తక్కువ ధర స్మార్ట్ టీవీల్లో స్టోరేజ్ 8 జీబీ ఉంటుంది, అందులో సగానికి పైగా సిస్టమ్‌కే పోతుంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి ఆ యాప్ క్యాష్ (అది దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు) క్లియర్ చేయండి. "క్లియర్ డేటా" మాత్రం నొక్కకండి, లాగవుట్ అయిపోతుంది. వాడని యాప్‌లు తీసేయండి. తర్వాత ప్లగ్ పీకి ఒక నిమిషం ఆగి పెట్టండి. రిమోట్‌తో ఆపితే టీవీ నిద్రపోతుంది తప్ప నిజంగా ఆగదు. నెలల తరబడి అలాగే నడుస్తున్న టీవీలే ఎక్కువ.

6. అప్పటికీ ఆగుతుంటే క్వాలిటీని "ఆటో" నుంచి తీసి ఒక మెట్టు కిందికి దించి అక్కడే ఉంచండి. కాస్త మసగ్గా ఉన్నా ఆగకుండా ఆడేదే మేలు.

రూటర్ మీద "ఎల్ఓఎస్" అన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే పైవేవీ చేయకండి. ఫైబర్‌లోంచి వెలుతురే రావడం లేదని దానర్థం. మంచం వెనక పసుపుపచ్చ వైరు గట్టిగా మడతపడిందేమో చూసి, మెల్లగా గుండ్రంగా సర్దండి. ఫైబర్ లోపలిది గాజు పోగు, రాగి తీగలా మడిస్తే ఊరుకోదు. ఎలుక కొరికితే మాత్రం నెట్ వాళ్లని పిలవాల్సిందే. ఫోన్ చేసినప్పుడు "నెట్ రావడం లేదు" అనకుండా "ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది" అని చెప్పండి, రీస్టార్ట్ చేశారా అనే ప్రశ్నలు తప్పుతాయి.

మొబైల్ డేటా మీద చూసేవాళ్లకి చిన్న లెక్క. 5 ఎంబీపీఎస్ అంటే గంటకి రెండుంపావు జీబీ. టీ20 మ్యాచ్ దాదాపు నాలుగు గంటలు, అంటే 9 జీబీ. రోజుకి 1.5 జీబీ ప్లాన్ పవర్‌ప్లే దాటి కొంత దూరం వస్తుందంతే. తక్కువ క్వాలిటీలో పెడితే మొత్తం మ్యాచ్ 2 జీబీకి అటూఇటూగా అయిపోతుంది. ఫోన్ తెర మీద తేడా కూడా పెద్దగా తెలియదు. ఛార్జింగ్ పెట్టి, కవర్‌తోనే, దిండు మీద ఆనించి చూస్తే ఫోన్ వేడెక్కి వెలుతురూ వేగమూ రెండూ తగ్గించేస్తుంది. కవర్ తీసి గట్టి బల్ల మీద పెట్టండి.

వానొస్తే డిష్ ఎందుకు పోతుంది

డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలను వాన చినుకులు మింగేస్తాయి. పెద్ద వాన కురుస్తున్న పది, ఇరవై నిమిషాలు ఎవరూ ఏమీ చేయలేరు. కానీ చిన్న తుంపరకే బొమ్మ గళ్లుగళ్లుగా పగిలిపోతోందంటే డిష్ ముందే కాస్త పక్కకి తిరిగి ఉంది. ఎండలో ఎలాగో నెట్టుకొస్తోంది, చినుకు పడగానే చేతులెత్తేస్తోంది. మన ఊళ్లలో దీనికి మొదటి ముద్దాయి కోతి, తర్వాతే గాలి.

ఎండ ఉన్న రోజు, మెనూలో సిగ్నల్ చూపించే పేజీ తెరవండి. అందులో "స్ట్రెంగ్త్", "క్వాలిటీ" అని రెండు గీతలుంటాయి. మీరు నమ్మాల్సింది క్వాలిటీని. స్ట్రెంగ్త్ నిండా ఉండి క్వాలిటీ సున్నా అంటే డిష్ వేరే వైపు చూస్తోందని. మేడ మీద ఒకరు, టీవీ దగ్గర ఒకరు ఉండాలి. తెలుగు రాష్ట్రాల నుంచి మన డీటీహెచ్ శాటిలైట్లన్నీ దక్షిణం, ఆగ్నేయం వైపే ఉంటాయి. ఉదాహరణకి డీడీ ఫ్రీ డిష్ వాడే 93.5 డిగ్రీల తూర్పు స్థానానికి హైదరాబాద్ నుంచి దాదాపు సరిగ్గా ఆగ్నేయ మూలకి తిప్పాలి. ఆ వైపు కొత్తగా పెరిగిన కొబ్బరి మట్టో, పక్కవాళ్లు లేపిన అంతస్తో అడ్డం వచ్చిందేమో ముందు చూడండి.

అడ్డమేమీ లేకపోతే, ఇప్పుడున్న స్థానం దగ్గర మార్కర్‌తో గీత గీసి, బోల్టు కొద్దిగా వదులు చేసి, వేలెడు జరిపి మూడు నాలుగు సెకన్లు ఆగండి. బాక్స్‌కి లెక్క తేల్చుకోవడానికి అంత సమయం పడుతుంది. కింద ఉన్నవాళ్లు "పెరిగింది, పెరిగింది, తగ్గింది" అని చెబుతుంటే పెరిగిన చోట బిగించండి. గీత ఎందుకంటే, ఏమీ కుదరకపోతే పాత చోటికే తెచ్చుకోవడానికి. ఎల్ఎన్‌బీ (డిష్ ముందు కడ్డీ చివర సిగ్నల్ పట్టే ముక్క) దగ్గర వైరు చివర తుప్పు పట్టి ఉంటే అరంగుళం కోసి కొత్త కనెక్టర్ వేయించండి. వైరు దాంట్లోకి వెళ్లేముందు కిందికి వంపు తిరిగి ఉండాలి, అప్పుడు వాన నీళ్లు వంపులోంచి కారిపోతాయి. వానలో, ఉరుముల్లో పిట్టగోడ ఎక్కి డిష్ ముట్టుకోకండి. ఏ మ్యాచ్ కోసమూ వద్దు.

ఇక ఏటా వచ్చే ఫిర్యాదు ఒకటి. "డీడీ స్పోర్ట్స్‌లో లైవ్ అన్నారు, మా బాక్స్‌లో ఆ ఛానల్లో వేరే ఏదో వస్తోంది" అని. బాక్స్ చెడిపోలేదు. జాతీయ ప్రాధాన్యం ఉన్న మ్యాచ్‌ల సిగ్నల్‌ని ప్రసారభారతికి (దూరదర్శన్‌ని నడిపే సంస్థ) ఇవ్వాలని 2007 చట్టం చెబుతుంది. కానీ ఆ సిగ్నల్‌ని దూరదర్శన్ తన టెరెస్ట్రియల్ (మామూలు యాంటెన్నాతో అందే) ప్రసారాల్లో, ఫ్రీ డిష్‌లో మాత్రమే చూపించాలని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రైవేట్ డీటీహెచ్‌లో, కేబుల్‌లో అదే ఛానల్ పెట్టినా మ్యాచ్ రాదు.

బొమ్మ వస్తోంది కానీ బాగాలేదు

గంటకి 140 కిలోమీటర్ల బంతి సెకనుకి దాదాపు 39 మీటర్లు పోతుంది. సెకనుకి 25 ఫ్రేములు చూపిస్తే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య బంతి ఒకటిన్నర మీటర్లు గెంతుతుంది. పిచ్ పొడవు 20 మీటర్ల పైచిలుకు, అంటే బౌలర్ చేతిలోంచి బ్యాట్ దాకా మీకు కనబడేది పన్నెండు పదమూడు బొమ్మలే. 50 ఫ్రేములైతే రెట్టింపు. అందుకే యాప్‌లో క్వాలిటీ తగ్గినప్పుడు బంతి కనిపించడం లేదని పెద్దవాళ్లు అంటే అది కళ్లద్దాల తప్పు అనుకోకండి.

ఈ గెంతులు కప్పిపుచ్చడానికి టీవీలు మధ్యలో లేని బొమ్మల్ని తామే ఊహించి కలుపుతాయి. సోనీలో దాన్ని మోషన్‌ఫ్లో అంటారు, ఎల్‌జీలో ట్రూమోషన్, శామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్. మ్యాచ్‌కి ఇది కొంత మంచిదే, కానీ ఎక్కువ పెడితే బంతికి తోక మొలుస్తుంది, ఒక్కోసారి బ్యాట్ దగ్గర మాయమై కీపర్ దగ్గర తేలుతుంది. సగం కంటే తక్కువలో పెట్టండి. సినిమా చూసేటప్పుడు పూర్తిగా ఆపేయండి. పగటి మ్యాచ్‌లో నీడలో ఉన్న ఫీల్డర్ నల్లగా కనబడితే "ఎకో" లేదా పవర్ సేవింగ్ మోడ్ తీసేయండి. స్కోరు పట్టీ అంచులు తెగిపోతుంటే పిక్చర్ సైజుని "16:9" చేసి, "ఓవర్‌స్కాన్" ఆపండి.

బంతి ముందు, మాట వెనక

బ్యాట్‌కి బంతి తగిలాక కాసేపటికి టక్ మని వినిపిస్తోందంటే నూటికి తొంభై చోట్ల బ్లూటూత్ స్పీకరే కారణం. మామూలు బ్లూటూత్ ఒకటి రెండు పదుల మిల్లీసెకన్లు కాదు, వంద నుంచి మూడు వందల దాకా ఆలస్యం చేస్తుంది. వైరుతో కలపండి, సమస్యే ఉండదు. సౌండ్‌బార్ ఉంటే హెచ్‌డీఎంఐ వైరుని టీవీలో "ఏఆర్‌సీ" అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టండి. వేరే పోర్టులో పెట్టి, సౌండ్ రావడం లేదని షాపుకి తిరిగి తీసుకెళ్లినవాళ్లున్నారు.

తెలుగు కామెంటరీ పెట్టినా హిందీ వస్తుంటే, యాప్‌లో ఆడియో భాష మారిస్తే సరిపోతుందో, తెలుగు ఫీడ్ విడిగా తెరవాలో చూడండి. కొన్ని మ్యాచ్‌లకి భాషని బట్టి వేరే వేరే ఫీడ్‌లుంటాయి. మైదానం హోరు ఎక్కువై కామెంటరీ వినబడకపోతే సౌండ్ మోడ్‌ని "స్పోర్ట్స్" నుంచి తీసి "స్టాండర్డ్" లేదా "క్లియర్ వాయిస్"లో పెట్టండి. స్పోర్ట్స్ మోడ్ చేసే పనే జనం గోల పెంచడం.

మేడ మీద తెర కట్టాలంటే

అపార్ట్‌మెంట్ వాళ్లందరూ కలిసి ప్రొజెక్టర్ మీద చూడటం ఇప్పుడు బాగా పెరిగింది. అక్కడ అందరూ ఒకేచోట బోల్తా పడతారు: ఫోన్‌ని ప్రొజెక్టర్‌కి మిర్రరింగ్ చేస్తే సౌండ్ వస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. కాపీ కాకుండా యాప్ పెట్టుకున్న తాళం అది. వైరు మార్చినా పోదు. ప్రొజెక్టర్‌కి స్ట్రీమింగ్ స్టిక్ గానీ సెట్‌టాప్ బాక్స్ గానీ హెచ్‌డీఎంఐతో నేరుగా కలపండి. ఆ వైరు పది మీటర్లు దాటితే బొమ్మ మెరిసి మెరిసి పోతుంటుంది, కాబట్టి బాక్స్‌ని ప్రొజెక్టర్ దగ్గరే ఉంచి, దూరం వెళ్లాల్సిన సౌండ్ వైరుని పొడుగు తీసుకోండి.

సౌండ్‌కి వినాయక చవితి పందిరికి పెట్టే మైక్‌సెట్ చాలు. ల్యాప్‌టాప్‌కి కలిపితే "గూ" మని మోత వస్తుంటే ఛార్జర్ పీకి చూడండి. మోత ఆగిపోతే తప్పు ఎర్తింగ్‌ది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ నుంచి తీసుకోండి, లేదా ల్యాప్‌టాప్‌ని బ్యాటరీ మీద నడపండి. ఏడున్నరకి మొదలయ్యే మ్యాచ్‌కి ఆరున్నరకే ప్రొజెక్టర్ పెట్టి బొమ్మ కనబడటం లేదని గాబరా పడొద్దు. వేసవిలో ఏడు దాకా వెలుతురు ఉంటుంది. ముందురోజు రాత్రి అదే చోట పది నిమిషాలు నడిపి చూసుకున్నవాళ్లకి మర్నాడు టెన్షన్ ఉండదు.

కరెంటు పోతే

ఇన్వర్టర్ మీద టీవీ ఉంటుంది, రూటర్ ఉండదు. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. రూటర్‌కి చిన్న డీసీ యూపీఎస్ (కరెంటు పోయినా రూటర్‌ని నడిపే బ్యాటరీ పెట్టె) దొరుకుతుంది. కొనేముందు అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో, ఎన్ని ఆంప్స్‌లో చదివి అదే తీసుకోండి. 12 వోల్టుల రూటర్‌కి 9 వోల్టులది పెడితే దీపాలు వెలుగుతాయి కానీ వైఫై వచ్చి పోతుంటుంది. అన్నీ ఉన్నా నెట్ పోతే, కిందనో వీధిలోనో ఉన్న నెట్ వాళ్ల పెట్టెకి కరెంటు లేదన్నమాట. అప్పుడు ఫోన్ హాట్‌స్పాట్ తప్ప దారి లేదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి

ఇండియా యాప్ అక్కడ ఆడదు. మ్యాచ్ హక్కులు దేశాన్ని బట్టి అమ్ముతారు. అక్కడ క్రికెట్ ఎక్కువగా విల్లో టీవీలో వస్తుంది. వీపీఎన్‌తో (ఇండియాలోనే ఉన్నట్టు చూపించే యాప్) నెట్టుకురావాలని చూస్తే యాప్ పసిగట్టి ఆపడమో, వేగం పడిపోయి బఫర్ అవడమో జరుగుతుంది. నా ఓటు సరైన చందా కట్టేయడానికే. ఐపీఎల్ సాయంత్రం ఏడున్నర మ్యాచ్ అంటే న్యూజెర్సీలో ఉదయం పది, డల్లాస్‌లో తొమ్మిది, కాలిఫోర్నియాలో ఏడు. ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో పెట్టాలనుకునేవాళ్లకి నేను సలహా ఇవ్వను.

స్టేడియంకే వెళ్తుంటే

ఉప్పల్‌లో గానీ విశాఖలో గానీ జనం నిండాక ఫోన్‌లో నాలుగు గీతలూ ఉంటాయి, ఏదీ తెరుచుకోదు. టవర్ ఉంది, ఖాళీ లేదు. టికెట్ ఫోన్‌లో ఉంటే ఇంట్లోనే తెరిచి డౌన్‌లోడ్ చేసుకోండి. స్క్రీన్‌షాట్ ఒప్పుకుంటారో లేదో టికెట్ మీద చదవండి. గేటు దగ్గర బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచితే కోడ్ త్వరగా పడుతుంది. పవర్ బ్యాంక్‌లు లోపలికి రానివ్వకపోవడం మామూలే, కాబట్టి ఫుల్ ఛార్జింగ్‌తో వెళ్లి బ్యాటరీ సేవర్ వేసుకోండి. సిగ్నల్ కోసం వెతుక్కుంటూ ఫోన్ బ్యాటరీని తాగేస్తుంది, పని లేనప్పుడు ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఉప్పల్‌లో మ్యాచ్ అయ్యాక క్యాబ్ బుక్ అవ్వడం లేదని గేటు ముందు నిలబడేకంటే స్టేడియం మెట్రో స్టేషన్ వైపు నడవడం మొదలుపెట్టండి. రిటర్న్ టికెట్ వెళ్లేటప్పుడే తీసుకుని ఉంటే ఆ లైన్ కూడా తప్పుతుంది.